ఐదు చోట్ల ఆగిన పాట

కడపలో ఆ మిషన్ బడికి ఒక పియానో ఉండేది. ఊళ్లో ఇంకెవరికీ లేదు. చెదలు ఎక్కకుండా దాని కాళ్ల కింద మట్టి మూకుళ్లు పెట్టి, వాటిలో కిరసనాయిలు కలిపిన నీళ్లు పోసేవాళ్లు. ఎండాకాలం వస్తే ఆ గది కిటికీలకు తడిపిన గోనెపట్టాలు వేలాడేవి. కడప ఎండకు మనుషులే బీటలు వారతారు, ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన కొయ్యపెట్టె ఒక లెక్కా! శ్రుతి చేసే మనిషి మద్రాసు నుంచి మూడేళ్లకొకసారి వచ్చి పోయేవాడు. మిగతా రోజుల్లో దాన్ని పసిబిడ్డలా సాకింది రత్నమణి టీచరమ్మ.

ఆ పియానో కోసమే ఆమె పెళ్లి మానుకుందని బోర్డింగు పిల్లలు గుసగుసలాడుకునేవాళ్లు. అది ఉత్త మాట. సంబంధాలు రాలేదు, పియానో వచ్చింది, అంతే.

ఇన్‌ఫ్లుయెంజా జ్వరాల ఏడాది తల్లీ తండ్రీ ఒకే వారంలో పోతే, పదకొండేళ్ల రత్నమణిని ఎవరో తెచ్చి ఆ బోర్డింగులో వదిలారు. ఇక అక్కడే చదివి అక్కడే టీచరమ్మ అయింది. బడి నడిపే హార్పర్ దొరసాని ఆమెకు పియానో మెట్ల మీద వేళ్లు పెట్టడం నేర్పింది. నేర్పింది కీర్తనలకు సరిపడా మాత్రమే. స్వరాలను అక్షరాల్లో రాసుకునే పద్ధతి ఒకటి మిషన్ బళ్లలో ఉండేది, రత్నమణికి తెలిసిన చదువు అదే. గీతల మీద చుక్కలు గుచ్చి రాసే అసలు సంగీతపు పుస్తకాలు చదవడం ఆమెకు రాదు.

ముప్ఫై ఒకటో సంవత్సరంలో దొరసాని జబ్బుపడి స్వదేశానికి పోతూ, తన గ్రామఫోనునూ మూడు ప్లేట్లనూ రత్నమణి చేతిలో పెట్టింది. మూడు ప్లేట్లలోనూ ఉన్నది ఒకటే పియానో పాట, ఎవరో జర్మనీ దేశపాయన రాసింది. ఆయన పేరు రత్నమణి నోటికి ఎన్నడూ సరిగ్గా తిరగలేదు. మనకూ ఆ పేరుతో పని లేదు. ప్లేటుకు రెండు పక్కలు, మొత్తం ఆరు. ప్రతి పక్కనా కాగితం బిళ్ల మీద ఇంగ్లీషులో ఒకటో భాగం, రెండో భాగం అంటూ ఆరో భాగం దాకా అచ్చువేసి ఉంది.

ఆ పాటను ఆమె చెవితో విని చేతుల్లోకి తెచ్చుకుంది. రెండేళ్లు పట్టింది. గ్రామఫోనుకు కీ ఇవ్వడం, నాలుగు స్వరాలు వినడం, ముల్లు ఎత్తి పియానో దగ్గరికి పరుగెత్తడం, మళ్లీ వచ్చి ముల్లు దించడం. సెలవుల్లో అందరూ ఊళ్లకు పోతే ఆమెకు పోవడానికి ఊరు లేదు కాబట్టి రోజంతా అదే పని. చివర్లో పరుగులు తీసే ముక్క ఒకటి ఆమె వేళ్లకు పూర్తిగా లొంగలేదు కానీ, తక్కినదంతా లొంగింది. గురువు లేకుండా, పుస్తకం లేకుండా, కీ ఇస్తే తిరిగే యంత్రాన్ని పట్టుకుని అంత పెద్ద పాట నేర్చుకున్న మనిషిని మెచ్చుకోకుండా ఉండలేం. ఆమె చేసిన తప్పు చెప్పేముందు ఈ మాట చెప్పి తీరాలి.

పాట ఆరు భాగాలు కదా, ఒక్కో భాగం అయ్యాక ఆగాలి. ప్లేట్లలో వాయించినాయన కూడా ప్రతి పక్క చివరా కాస్త నెమ్మదించి, ముగింపు ఒత్తు ఒత్తి ఆపేవాడు. హార్పర్ దొరసాని ఉన్న రోజుల్లో ఆ పాట పెట్టుకుని వింటూ, ప్లేటు తిరగేసేటప్పుడు తల వంచి ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. ఆ మౌనం పాటలోదేనని, అది ప్రార్థన వంటిదని రత్నమణి అనుకుంది. అందుకని పిల్లలకు నేర్పేటప్పుడు ఐదు చోట్ల ఆపించేది. ఆగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచి, మనసులో ఎనిమిది లెక్కపెట్టి, ఆపైన తర్వాతి భాగం మొదలుపెట్టాలి. పాట ఎక్కడ ఆగాలో ఆమెకు చెప్పేవాళ్లు కడపలో ఎవరున్నారు? పండగనాడు పిల్లలు వాయిస్తుంటే ఊళ్లో పెద్దమనుషులు కూడా ఆ ఐదు చోట్ల తలలు వంచేవాళ్లు. చూడ్డానికి ఎంతో బాగుండేదట.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆదోని పక్క పల్లె నుంచి ఒక పిల్ల బోర్డింగుకు వచ్చింది. పేరు గిడ్డమ్మ, పేరుకు తగ్గట్టే పొట్టిది. తండ్రి హనుమన్న కూలిమనిషి. చదువులో ఆ పిల్ల అంతంత మాత్రమే గానీ, పియానో గదిలోకి అడుగుపెడితే వేరే మనిషి. గ్రామఫోనుకు కీ ఇచ్చి ప్లేటు తిరగేసే పని రత్నమణి ఆమెకు అప్పగించింది. మూడేళ్లు ఆ పని చేసి, పద్నాలుగో ఏట ఒకనాడు ఆ పిల్ల పియానో ముందు కూర్చుని, రత్నమణికి లొంగని ఆ పరుగుల ముక్కతో సహా పాటంతా వాయించింది. రత్నమణి గోడకు ఆనుకుని నిలబడి విన్నది. ఆమెకు సంతోషం కలిగింది, కాస్త కడుపుమంట కూడా కలిగింది. రెండోదాన్ని ఆమె చాలా ఏళ్ల తర్వాత గానీ తనతో తాను ఒప్పుకోలేదు.

కానీ గిడ్డమ్మ రెండు చోట్ల మాత్రమే ఆగింది.

"కడమ మూడు చోట్ల ఏమొచ్చింది నీకు?" అని అడిగింది రత్నమణి.

"ఆడ ఆగబుద్ధి కాలేదమ్మా."

"నీ బుద్ధి ఎవరడిగినారు? ప్లేటు మీద రాసుండేది కనబడలేదా?"

"ప్లేటు అయిపోయింది గానీ పాట అయిపోలేదమ్మా. ఎడమచెయ్యి ఇంకా పోతానే ఉండాది ఆడ."

ఎదురు చెప్పడం ఆ బడిలో ఎరగరు. రత్నమణి స్కేలుతో ఆ పిల్ల వేళ్ల కణుపుల మీద మూడు దెబ్బలు కొట్టింది, ఆగని ఒక్కో చోటుకు ఒక్కటి చొప్పున. మరునాడు మళ్లీ వాయించమంటే గిడ్డమ్మ ఏడుస్తూ కూర్చుంది, ఏడుస్తూనే వాయించింది, మళ్లీ ఆ రెండు చోట్లే ఆగింది. మొండితనం అనుకుంది టీచరమ్మ.

ఆ నెలలోనే మద్రాసు నుంచి ఒక దొరసాని వచ్చింది. సంగీతం టీచర్ల శిక్షణకు బళ్ల నుంచి ఒక్కో పిల్లను ఎంచుకుపోతుంది. చదువూ భోజనమూ అన్నీ వాళ్లే చూసుకుంటారు. గిడ్డమ్మ పోవాలని బోర్డింగంతా అనుకుంది. రత్నమణి మాత్రం పియానోకు తాళం వేసి, "ఆగడం రానిదానికి వాయించడం ఎందుకు?" అని, నంద్యాల పిల్ల ఒకతెను ముందుకు తోసింది. ఆ పిల్ల బొమ్మలా ఐదు చోట్లా ఆగి, ఐదుసార్లు తల వంచింది. మద్రాసు దొరసాని కనుబొమలు పైకెత్తి, ఇలా ఆగడం ఎవరు నేర్పారు అని అడిగింది. "నేనే" అన్నది రత్నమణి, వెలిగిపోతూ. దొరసాని టీ తాగి వెళ్లిపోయింది. ఆ ఏడు కడప నుంచి ఎవరినీ తీసుకోలేదు.

ఎండాకాలం సెలవులకు పోయిన గిడ్డమ్మ తిరిగి రాలేదు. హనుమన్న వచ్చి రేకుపెట్టె భుజాన పెట్టుకుని, "పిల్ల ఇంగ సదవదంట తల్లీ, మేమూ బలవంతం సేయలే" అని చెప్పి పోయాడు. రత్నమణి ఒక వారం బాధపడింది. తర్వాత పదమూడేళ్లు ఆ పిల్లను తలచుకోలేదనే చెప్పాలి.

యాభై ఏడు జూలైలో మిషన్ ఆసుపత్రికి దావీదురాజు అనే కుర్ర డాక్టరు వచ్చాడు. ఇంగ్లండులో రెండేళ్లు ఉండి వచ్చినవాడు, పాటల పిచ్చి ఉన్నవాడు. బడిలో జరిగే ఆరాధనలో రత్నమణి పియానో విని, "టీచరుగారూ, ఆదివారం మా ఇంటికి రండి. మీకు కొత్త రికార్డులు వినిపిస్తా. ఈమధ్యే పట్టినవి" అన్నాడు.

ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకుని వెళ్లింది. డాక్టరు దగ్గర ఉన్న యంత్రానికి కీ ఇచ్చే పని లేదు, కరెంటుతో తిరుగుతుంది. ప్లేటు వెడల్పుగా, కాస్త వంగేదిగా ఉంది. కింద పడినా పగలదట. దాని మీది గాడులు వెంట్రుక కన్నా సన్నంగా ఉన్నాయి. మొదట అతడు నలుగురు కూర్చుని చిన్నా పెద్దా ఫిడేళ్లు వాయించిన రికార్డు పెట్టాడు. ఎంతసేపటికీ ఆగకుండా పోతుంటే, వీళ్లు ఊపిరెప్పుడు పీల్చుకుంటారా అని రత్నమణి మర్యాదగా ఎదురుచూసింది. అది అయ్యాక, "ఇది పియానో. మీకు తెలిసిందేనేమో చూడండి" అంటూ ఇంకొకటి పెట్టాడు.

మొదటి స్వరానికే ఆమె గుర్తుపట్టింది. తన పాటే. ఎవరో వేరే మనిషి వాయిస్తున్నాడు, పక్కగదిలో కూర్చుని వాయిస్తున్నంత స్పష్టంగా ఉంది. పాతికేళ్లుగా గరగర చప్పుడు వెనక దాక్కున్న స్వరాలన్నీ ముఖం కడుక్కుని బయటికి వచ్చినట్టున్నాయి. ఆమె కళ్లు చెమర్చాయి. ఒకటో భాగం చివరికి వచ్చింది. ఆమె అలవాటుగా చేతులు ఒళ్లో పెట్టుకుని తల వంచింది.

పాట ఆగలేదు. ఎడమచేతి స్వరాలు అలాగే సాగి, కుడిచేతిని వెంట తీసుకుని, రెండో భాగంలోకి వెళ్లిపోయాయి.

"డాక్టరుగారూ, మీ ప్లేటులో తప్పుంది" అన్నది రత్నమణి.

అతడు నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. "తప్పు కాదండీ. పాత ప్లేటులో ఒక పక్కకు నాలుగైదు నిమిషాలకు మించి పట్టేది కాదు. అందుకని పాటను ముక్కలుగా కోసి నింపేవాళ్లు. ముక్క అయిపోయేచోట వాయించేవాడు ముగించినట్టు కాస్త సర్దేవాడు. ఇప్పుడు ఆ బాధ లేదు, ఒక పక్కకే అరగంట దాకా పడుతుంది."

"మరి ఆరు భాగాలని రాసుండేది?"

"అవి ప్లేటు పక్కల నంబర్లండీ. పాటకు ఉన్నవి మూడు భాగాలే. రెండు చోట్లే ఆగుతుంది."

ఏ రెండు చోట్లని ఆమె అడగలేదు. ఆమెకు తెలుసు. పద్నాలుగేళ్ల పిల్ల ఏడుస్తూ ఎక్కడ ఆగిందో ఆ రెండు చోట్లే. హార్పర్ దొరసాని తల వంచింది ముల్లు మార్చుకోవడానికని, మద్రాసు దొరసాని కనుబొమలు ఎత్తింది మెచ్చి కాదని ఆ కుర్చీలోనే అన్నీ ఒకదాని వెంట ఒకటి తెలిసివచ్చాయి. "నేనే" అని తాను అన్న మాట గుర్తొచ్చి ఒళ్లంతా మంట పుట్టింది. డాక్టరు కాఫీ తెప్పించేలోగా లేచి, తలనొప్పిగా ఉందని చెప్పి వచ్చేసింది.

తర్వాత రోజుల్లో ఆమె గది తలుపు వేసుకుని ఆ పాటను రెండు చోట్లే ఆగి వాయించాలని చూసింది. చేతకాలేదు. ఆ మూడు చోట్లకు వచ్చేసరికి చేతులు వాటంతట అవే మెట్ల మీంచి లేచి ఒళ్లోకి వచ్చేవి. ఇరవై ఆరేళ్ల అలవాటు మరి. పిల్లలకు ఆ పాట నేర్పడం మానేసింది. కారణం అడిగిన హెడ్‌మిస్ట్రెస్‌తో పియానో శ్రుతి పోయిందని అబద్ధం చెప్పింది.

చివరికి పాత రిజిస్టరు తీసి గిడ్డమ్మ ఊరి పేరు చూసి, ఆదోని పాస్టరుగారికి ఉత్తరం రాసింది. గిడ్డమ్మ ఆదోనిలోనే పత్తి గింజలు తీసే మిల్లులో పనిచేస్తోందని, భర్త కంబన్న మిల్లు బండి తోలుతాడని, ఒక ఆడపిల్ల అని జవాబు వచ్చింది. జవాబు పెట్టెలో పెట్టుకుని ఇంకో రెండు నెలలు గడిపింది. ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియలేదు. నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం ఎలాగో ధైర్యం తెచ్చుకుని బొంబాయి పోయే బండెక్కింది.

శనివారం మధ్యాహ్నం, మిల్లులో భోజనాల వేళ, రేకుల ఇంటి ముందు గిడ్డమ్మ కనిపించింది. జుట్టు మీదా కనురెప్పల మీదా పత్తి దూది పట్టి, ఇరవై ఏడేళ్ల మనిషి ముసలమ్మలా ఉంది. క్షణం సేపు చూసి, గబగబా చేతులు కడుక్కుని వచ్చింది.

"అమ్మగారూ! మీరా! యాడ నుంచి యాడికొచ్చినారమ్మా! రాండి, ఈడ కూచోండి" అని మంచం వాల్చింది. ఆ ముఖంలో కోపం వెతికింది రత్నమణి. లేదు. అది చూసి ఆమెకు ప్రాణం లేచివచ్చింది. కూర్చోగానే చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరు సంగతి, కొత్త రికార్డు సంగతి, పాత ప్లేటుకు నాలుగైదు నిమిషాలే పట్టే సంగతి, నంబర్ల సంగతి, దొరసాని ముల్లు సంగతి. నీళ్లు కూడా తాగకుండా పూసగుచ్చినట్టు చెప్పింది.

"రెండు చోట్లే ఆగాల గిడ్డమ్మా. నువ్వు ఆగింది సరిగ్గా ఆడనే. నీదే రైటు" అన్నది చివరికి.

గిడ్డమ్మ రొట్టెల తట్ట ముందు గొంతుక్కూర్చుంది.

"మూడు చోట్లా?"

"మూడు చోట్లా నీదే రైటు."

"నా చెవి మంచిది కాదనుకుంటినమ్మా నేను" అన్నది గిడ్డమ్మ మెల్లగా. "అందరికీ ఇనబడేది నాకు ఇనబడదు, దేవుడు ఈలేదు, సరేలే అనుకుంటి. లేనిదానికి ఏడిస్తే ఏమొస్తాది? దేవుని గుళ్లో కూడా నోరు తెరవలే. అందరూ పాడ్తాంటే పెదాలు ఆడించి ఊరకుంటా. నా బిడ్డకు జోల కూడా మా ఆయనే పాడె. నేను పాడితే తప్పు పోతాదేమోనని బయ్యం."

ఈ పిల్ల తనను తిట్టుకుంటూ ఉంటుందని రత్నమణి అనుకుంది గానీ, ఇన్నేళ్లూ తననే నమ్ముకుని ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

"ఇప్పుడొచ్చి నాకు చెవి ఉండాది అంటాండారు" అన్నది గిడ్డమ్మ. "లేదనుకున్నెప్పుడు నాకేం పోలేదమ్మా. శానా నిమ్మళంగా ఉంటి. ఈ పొద్దు పోయింది నాది. మీరు ఈ మాట చెప్పకపోతే ఏమయ్యేది?"

"ఒక్కసారి కడపకు రా గిడ్డమ్మా. పియానో ముందర కూచో. నీ చేతులకు గుర్తుంటాది" అని బతిమాలింది రత్నమణి.

"వచ్చి ఏం సేసేది? పోయింది ఎంతో చూసుకునేదా?"

అప్పుడే కంబన్న ఎడ్లను విప్పి కట్టేసి లోపలికి వచ్చాడు. కొత్త మనిషిని చూసి తలగుడ్డ తీసి, "ఎవురీయమ్మ?" అని భార్యను అడిగాడు.

"కడప టీచరమ్మ. నన్ను చూసి పోదామని వచ్చినారు" అన్నది గిడ్డమ్మ, కళ్లు తుడుచుకుని. జొన్నరొట్టె, పుండికూర పళ్లెంలో పెట్టి రత్నమణి ముందుంచింది. "తినండమ్మా, బండికి టైము అవుతాది" అన్నది. రత్నమణి తిన్నది. తన బరువు దించుకోవడానికి ఇంత దూరం వచ్చి, దాన్ని ఈ పిల్ల నెత్తిన పెట్టానని తెలుస్తూనే ఉంది, తిరిగి తీసుకునే దారి మాత్రం కనబడలేదు. మిల్లు కూత వేయగానే గిడ్డమ్మ కొంగు నడుముకు చుట్టుకుని, "వస్తానమ్మా, ఆలీసమైతే లోపలికి రానీరు" అని దండం పెట్టి వెళ్లిపోయింది. కంబన్న రత్నమణిని ఎద్దులబండిలో స్టేషనుకు చేర్చాడు.

రైలు కదిలి, పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. గిడ్డమ్మతో తానన్న మాటలన్నీ రత్నమణి ఒక్కొక్కటే మళ్లీ తలచుకుంది. ప్లేట్ల గురించి చెప్పింది, ముల్లు గురించి చెప్పింది, తప్పు ఎలా జరిగిందో తన మీదికి రాకుండా ఎంతో వివరంగా చెప్పింది. నన్ను క్షమించు అన్న మాట ఒక్కటి అనలేదు. పదమూడేళ్ల తర్వాత, ఆ ఒక్క మాట అనడానికే బయలుదేరిన మనిషి.

కడప బండి మారడానికి గుంతకల్లులో దిగి, ఆదోనికి తిరిగి పోయే బండి ఎప్పుడని అడిగింది. ఇంకో గంటలో ఉందన్నారు. ఆమె బెంచీ మీద కూర్చుంది. మరునాడు ఆదివారం, ఆరాధనకు పియానో వాయించే మనిషి కడపలో ఇంకొకరు లేరు అని తనకు తాను చెప్పుకుంది. కడప బండి ముందుగా వచ్చింది. రత్నమణి దాంట్లోనే ఎక్కింది.